కల్పాలో "కైలాస్ వ్యూ" గది తీసుకునేవాళ్లకు

హిమాచల్ ప్రదేశ్‌లోని కల్పాలో, కిన్నర్ కైలాస్ మంచుకొండ కనిపించే గది బుక్ చేసుకునే ముందు హోటల్‌కి ఫోన్ చేసి, యాప్‌లో పెట్టిన కిటికీ ఫొటో ఏ గదిలోంచి తీశారో నంబరుతో సహా అడగండి. నేను అడగలేదు. రాత్రికి 3,200 చొప్పున రెండు రాత్రులకు 6,400 ముందే కట్టేశాను. ఆ డబ్బు సంగతి అలా ఉంచితే, ఒక సాయంత్రం వెలుతురు మొత్తం పోయింది, నా బాధంతా దాని గురించే.

జనవరి మూడో వారంలో నేనూ మా బావా వెళ్లాం. చండీగఢ్ దాకా విమానం, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో రికాంగ్ పియో, పియో నుంచి కల్పాకి టాక్సీ 500. దారంతా బాగానే జరిగింది.

హోటల్లో మాకిచ్చిన గది వెనకవైపుది. కిటికీ తెర తీస్తే రెండడుగుల దూరంలో రాతి గోడ, దాని మీద పేరుకున్న మంచు. ఇదేంటని అడిగితే, "వ్యూ హోటల్‌కి ఉంది సార్, టెర్రస్ మీద నుంచి చూసుకోండి" అన్నాడు మేనేజర్. టెర్రస్‌కేమో తాళం, మెట్ల మీద ఐసు గట్టిపడింది, ఎవరైనా జారిపడతారట. హీటర్‌కి రాత్రికి 500 అదనం, వేడినీళ్ల బకెట్ 100. కుళాయిలు గడ్డకట్టాయి, అది ఆ చలిలో మామూలే, దానికి నేనేమీ అనను. కానీ రాత్రి మూడు గంటలు కరెంటు లేక హీటరే వెలగలేదు, పొద్దున బిల్లులో మాత్రం ఆ 500 వేశారు.

అసలు దెబ్బ మాత్రం వచ్చిన సాయంత్రమే తగిలింది, గది గురించి రిసెప్షన్‌లో వాదిస్తుండగానే బయట కొండ రంగు మారిపోయింది. కల్పాలో ఎదురుగా తూర్పు వైపున కిన్నర్ కైలాస్, పడమర మన వీపు వెనక. సాయంత్రం లోయంతా నీడలోకి వెళ్లాక ఆఖరి ఎండ ఆ మంచు శిఖరాల మీదే పడుతుంది, పసుపు, నారింజ, ఆ తర్వాత కొద్ది నిమిషాలు గులాబీ, అంతే. నేను కెమెరా పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తేసరికి బూడిద రంగు కొండ మిగిలింది. ఆ రాత్రి బావతో సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఆయన కూడా నన్ను కదిలించలేదు.

పొద్దున్నే రెండో రాత్రి డబ్బులు వదులుకుని కిందికి, పాత ఊళ్లోకి దిగిపోయాం. నారాయణ్ నాగిని గుడి దగ్గర్లో ఒక ఇంట్లో గది, రోజుకు 1,000, భోజనం మనిషికి 250. మధ్య గదిలో కట్టెలతో మండే ఇనప పొయ్యి, దాన్ని అక్కడ తందూర్ అంటారు. ఇంటావిడ కిన్నౌర్ రాజ్మా, అన్నం, పైన నెయ్యి వేసి పెట్టింది. రెండ్రోజులుగా పరాఠాలే తిని అన్నానికి మొహం వాచిపోయిన బావ మూడుసార్లు అన్నం పెట్టించుకుని, పొయ్యి పక్కనే గోడకి ఆనుకుని నిద్రపోయాడు.

ఆ రోజంతా మంచు కురుస్తూనే ఉంది. ఐదు దాటాక ఇంటావిడే వచ్చి భుజం తట్టి చెక్క వరండాలోకి రమ్మంది. మబ్బులో చిన్న సందు. 6,050 మీటర్ల శిఖరం, దాని పక్కన 79 అడుగుల శివలింగం రాయి. ఆ రాయి రోజులో చాలాసార్లు రంగు మారుతుందని ఊళ్లోవాళ్లు చెప్తారు, నేను చూసిన పది నిమిషాల్లో అది రాగి రంగు నుంచి ఊదా రంగుకి మారింది. చేతులు వణికాయి, చలికి మాత్రమే కాదు. కల్పా నుంచి ఆ రాయి సూదిమొనంత కనిపిస్తుంది కాబట్టి కనీసం 200 ఎంఎం లెన్సు ఉండాలి.

పగలు ఫ్రేమంతా మంచే ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిద రంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒకటి, ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచాలి. సాయంత్రం దీనికి పూర్తిగా రివర్స్, లోయ చీకటిని చూసి మీటర్ వెలుతురు పెంచేస్తుంది, శిఖరం మీది గులాబీ తెల్లగా కాలిపోతుంది. వెలుతురుని ఒక్క చోటే కొలిచే స్పాట్ మీటరింగ్ ఎంచుకుని, దాన్ని శిఖరం మీదే పెట్టండి. చలికి నా బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే ఆగిపోయింది, చొక్కా లోపల జేబులో కాసేపు పెట్టుకుంటే మళ్లీ పనిచేసింది. పొయ్యి గదిలోకి వెళ్లే ముందు బయటే కెమెరాని జిప్ కవర్లో మూసెయ్యండి, లేకపోతే లెన్సంతా చెమ్మ పడుతుంది.

అందరూ సూర్యోదయం చూడమంటారు. ఫొటోల కోసమైతే నేను చెప్పను, సూర్యుడు కైలాస్ వెనక నుంచి వస్తాడు, కొండ నల్లగా ఉంటుంది. తెల్లారుజామున నీలం వెలుతురు కావాలంటే లేవండి, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. సాయంత్రాలు మాత్రం కనీసం మూడు పెట్టుకోండి, మబ్బు ఎన్ని మింగేస్తుందో ముందు తెలీదు.

ఆ ఇల్లు ఏ యాప్‌లోనూ లేదు. గుడి చుట్టుపక్కల అడిగితే గదులు దొరుకుతాయి, ముందు వరండాలోకి వెళ్లి నిలబడి, కొండ కనిపించాకే డబ్బులివ్వండి.