గోమార్ల స్ప్రే (ఫిప్రోనిల్ 0.25 శాతం, 100 ఎంఎల్): మూడు నెలలు వాడాక రాస్తున్నాను

ఐదుకు నాలుగు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. ఒక బర్రె, ఆరు మేకలు, మోతీ అనే ఊరకుక్క. మోతీ రాత్రంతా కొట్టం చుట్టూ తిరిగి, పగలు మా అత్తమ్మ నులకమంచం కింద పడుకుంటాడు. వాడి చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు ఎప్పుడూ ఉండేవి. అత్తమ్మ కూర్చున్నచోటే వాటిని పీకి గోళ్లతో చిదిమేసేది. నేనూ అలాగే చేసేదాన్ని. అందులో ప్రమాదం ఉందని మాకెవరూ చెప్పలేదు.

ఆగస్టులో ఆమెకు జ్వరం పట్టుకుంది. విపరీతమైన తలనొప్పి, కళ్లు ఎర్రబడ్డాయి. మొదట చూపించిన చోట టైఫాయిడ్ అని నాలుగు రోజులు సూదులు వేశారు. తగ్గలేదు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే డెంగీ కావచ్చు అన్నారు. ఆరో రోజు ఒంటి మీద ఎర్ర మచ్చలు లేచాయి. అప్పుడు మాకు నిజంగా టెన్షన్ మొదలైంది, బండి మాట్లాడుకుని నల్లగొండ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మచ్చలు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఉన్నాయేమో తిప్పి చూసింది. ఉన్నాయి. "ఇంట్లో కుక్క ఉందామ్మా? గోమార్లున్నాయా?" అని అడిగింది. అన్ని రోజుల్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

టిక్ టైఫస్ అని చెప్పింది. పేరు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం లేదు. గోమారి కుట్టినప్పుడు రికెట్సియా అనే బ్యాక్టీరియా ఒంట్లోకి పోతుంది. దాన్ని చిదిమినప్పుడు ఆ తడి గాయానికి గానీ కంటికి గానీ తగిలినా రావచ్చట. అది రక్తనాళాల లోపలి పొర కణాల్లో దూరి బతుకుతుంది, మచ్చలు లేచేది అందుకే. టైఫాయిడ్‌కు వేసే సూదులు దాని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే పాత, చవక గోళీ రాసింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది. వారం రోజులు మేం పడ్డ బాధకు అంత చిన్న గోళీ సరిపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇంటికొచ్చేసరికి మోతీ తిండి మానేశాడు, ముక్కులోంచి రక్తం. పశువుల దవాఖానకు తీసుకెళ్తే రక్తం చూసి ఎర్లికియా అన్నారు. అదీ గోమార్ల వల్లే వచ్చే బ్యాక్టీరియా రోగం. వాడికీ ప్లేట్‌లెట్లే పడ్డాయి, వాడికీ డాక్సీసైక్లినే, 28 రోజులు. రెండూ వేరువేరు రోగాలు, కానీ రెండింటినీ మోసేది కుక్కల మీద ఉండే అదే గోధుమరంగు గోమారి. ఈ స్ప్రే రాసిచ్చింది ఆ పశువుల డాక్టరే.

వాడే పద్ధతి చెప్తాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కుక్కకు స్నానం చేయించి రెండు రోజులు ఆగాలి, కొట్టాక మరో రెండు రోజులు నీళ్లు తగలనీయకూడదు. చేతికి గ్లౌజులు వేసుకుని, వాకిట్లో గాలికి నిలబడి, వెంట్రుకలను ఎదురు దువ్వుతూ చర్మం తడిసేలా కొట్టాలి. ఇందులో ఆల్కహాల్ ఉంటుంది, పొయ్యి దగ్గర వద్దే వద్దు. కిలో బరువుకు కనీసం 3 ఎంఎల్. మోతీ 16 కిలోలు, నా సీసాకు ఒక్క నొక్కుకు అర ఎంఎల్ వస్తుంది. అంటే 96 సార్లు నొక్కాను. పైపైన పది సార్లు నొక్కి "మందు పనిచేయలేదు" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడండి. మూతికి, చెవుల దగ్గర నేరుగా కొట్టకుండా గ్లౌజుతో రుద్దాను.

మర్నాటికి దూకే పురుగులు, అదే ఫ్లీస్ అంటారు చూడండి, ఒక్కటి లేదు. గోమార్లు రెండో రోజు నుంచి ఎండిపోయి రాలాయి. ఊడ్చి సబ్బునీళ్లలో వేశాను. మూడో వారంలో చెవి వెనక మళ్లీ చిన్నవి కనిపించేసరికి డబ్బులు పోయాయనుకున్నాను. డాక్టరు చెప్పాకే అర్థమైంది. ఈ మందు గోమారిని ఎక్కకుండా ఆపదు, ఎక్కినదాన్ని ఒకటి రెండు రోజుల్లో చంపుతుంది. ఆడ గోమారి రక్తం తాగి కుక్క మీంచి దిగిపోయి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు మళ్లీ కుక్కనే వెతుక్కుంటాయి. మా మంచం వెనక మట్టిగోడ నెర్రెలు పూడ్చి, సున్నం వేసి, నెలకోసారి స్ప్రే కొడితే మూడో నెలకు తేడా తెలిసింది. ఇప్పుడు ఎక్కడైనా ఒకటి కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగుతున్నాం. కిరోసిన్ పోయడం, చిదమడం మానేశాం.

బర్రెకూ కొడదామన్నాడు మా ఆయన. కొట్టనివ్వలేదు. పాలిచ్చే, మాంసానికి పనికొచ్చే జీవాలకు ఈ మందు వాడకూడదు. 2017లో యూరప్‌లో కోళ్ల షెడ్లలో ఇదే మందు వాడితే గుడ్లలోకి చేరి, లక్షల కొద్దీ గుడ్లు పారబోశారు. బర్రెకు, మేకలకు డాక్టరు వేరే మందు ఇచ్చారు. కుందేళ్లకైతే ఇది విషమే. పిల్లికి వాడొచ్చు.

ఎలుకల సంగతి వేరు. వాటి మీది ఫ్లీస్ ఇంకో రకం టైఫస్ తెస్తాయి, ప్లేగు తెచ్చేవీ అవే. దానికి ఈ సీసా పనికిరాదు. మేం వడ్ల బస్తాల గదిలో ఎలుకల మందు పెట్టబోతే, ముందు పురుగుల మందు కొట్టించమన్నారు. ఎలుక చస్తే దాని మీది పురుగులు మన మీదికే దూకుతాయి కదా.

ఒక మార్కు ఎందుకు తీశానంటే, సీసా మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. స్నానం మాట, బర్రె మాట, మంట మాట అన్నీ చీమ తలకాయంత ఇంగ్లీషులో ఉన్నాయి. మా అమ్మాయి ఫోన్‌లో పెద్దది చేసి చదివింది. పల్లెల్లో అమ్మే మందు మీద ఇంత నిర్లక్ష్యం నాకు కోపం తెప్పించింది.

కొనేవాళ్లకు ఒక లెక్క: పొట్టి వెంట్రుకల మా మోతీకి 100 ఎంఎల్ సీసా రెండుసార్లకు వచ్చింది. అదే బరువున్న బొచ్చుకుక్కకైతే ఒక్కసారికే అయిపోతుంది, వాళ్లు 250 ఎంఎల్‌దే తీసుకోండి.