పాత కంపెనీ నుంచి రిటైరీ ఇన్సూరెన్స్ మారుతోందని ఉత్తరం వస్తే, ఫోన్‌లో ఒప్పుకునే ముందు ఇది చదవండి

అమెరికాలో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు ప్రధానంగా 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌తో పాటు పాత కంపెనీ ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్ మీద ఆధారపడి ఉన్న తెలుగువారికి ఈ హెచ్చరిక. జనవరి 1 నుంచి మీ గ్రూప్ ప్లాన్ ఉండదని, దాని బదులు ఫలానా ఎక్స్‌ఛేంజ్‌లో, అంటే రకరకాల ప్లాన్లు అమ్మే ఏజెన్సీ దగ్గర, మీకు నచ్చిన ప్లాన్ కొనుక్కోవచ్చని, అందుకు కంపెనీ కొంత డబ్బు మీ ఖాతాలో వేస్తుందని ఉత్తరం వస్తే, అందులోని నంబరుకు ఫోన్ చేసి అదే కాల్‌లో ఏ ప్లాన్‌కూ ఒప్పుకోకండి. మాకు సరిగ్గా ఇదే జరిగింది. ఆ ఒక్క కాల్‌లో మా చేయి జారిపోయిన హక్కును తిరిగి తెచ్చుకునే దారి ఈ రోజు మాకు లేదు.

మెడికేర్‌లో పార్ట్ బీ అనే భాగం కింద డాక్టరు ఫీజులు, పరీక్షలు, కీమోథెరపీ వంటి వాటిలో సాధారణంగా మెడికేర్ 80 శాతం చెల్లిస్తుంది. మిగతా 20 శాతం మనదే, దానికి పై పరిమితి లేదు. 2026లో పార్ట్ బీ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు, డిడక్టిబుల్, అంటే ముందుగా మనమే కట్టాల్సిన మొత్తం, ఏడాదికి 283 డాలర్లు. ఆ 20 శాతాన్ని ఇన్నేళ్లూ మా పాత కంపెనీ గ్రూప్ ప్లాన్ భరిస్తూ వచ్చింది. అది రద్దయినప్పుడు ఎక్స్‌ఛేంజ్ ఏజెంటు మాకు ఒక మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్ సదుపాయాలను ప్రైవేటు కంపెనీ ద్వారా అందించేది) సూచించారు. అదనపు ప్రీమియం లేదని, కంటికీ పంటికీ కూడా సదుపాయం ఉందని, మీ డాక్టర్లందరూ నెట్‌వర్క్‌లోనే ఉన్నారని, దాదాపు అంతా ఇప్పటిలాగే సాగుతుందని హామీ ఇచ్చారు. నా భార్యకు గుండెలో స్టెంట్ ఉందనీ, ఇన్సులిన్ వాడుతుందనీ మేము మొదటే చెప్పాము. ఆ సంగతి తెలిసి కూడా, మెడికేర్ వదిలేసిన ఖర్చును భరించే మెడిగ్యాప్ పాలసీ తీసుకునే హక్కు మాకుందని గానీ, దానికి గడువుందని గానీ ఆ ఏజెంటు ఒక్క మాట కూడా అనలేదు.

ఏడాది సగంలోనే మా కార్డియాలజిస్టు పనిచేసే ఆసుపత్రి ఆ ప్లాన్ నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లిపోయింది. తర్వాత నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, రిహాబ్ కేంద్రంలో మరికొన్నాళ్లు ఉండాలని సర్జన్ రాసినా, ప్రయర్ ఆథరైజేషన్ (ప్లాన్ ముందస్తు అనుమతి) లేదంటూ ప్లాన్ వాళ్లు నిరాకరించారు. నడవలేని మనిషిని ఇంటికి తీసుకువెళ్లమని కాగితం చేతికి ఇచ్చినప్పుడు కలిగిన ఆవేదన మరో కుటుంబానికి కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యలో అడ్వాంటేజ్ ప్లాన్ వదిలి ఒరిజినల్ మెడికేర్‌కు, అంటే ప్రభుత్వం నేరుగా నడిపే మెడికేర్‌కు, తిరిగి రావచ్చు. ఆ మాట నిజమే, అందుకు మాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అయితే ఒరిజినల్ మెడికేర్‌తో పాటు ఆ 20 శాతం భరించే మెడిగ్యాప్ పాలసీ కూడా కావాలి కదా. దానికి దరఖాస్తు చేస్తే కంపెనీలు ఆరోగ్య ప్రశ్నలు అడిగి, స్టెంటు, ఇన్సులిన్ అన్న జవాబులు చూసి తిరస్కరించాయి. చట్టం వాటికి ఆ వీలు ఇచ్చింది. న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్, మెయిన్ వంటి కొద్ది రాష్ట్రాల్లో తప్ప, పార్ట్ బీ మొదలైన తొలి ఆరు నెలలు దాటితే మెడిగ్యాప్ ఇవ్వాలా వద్దా అన్నది సాధారణంగా కంపెనీ ఇష్టం.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. మెడికేర్ ముందు చెల్లించాక మిగతాది చెల్లించే గ్రూప్ ప్లాన్ రద్దయినప్పుడు, ఒరిజినల్ మెడికేర్‌లో ఉన్నవారికి 63 రోజుల పాటు ఆరోగ్య ప్రశ్నలు లేకుండా మెడిగ్యాప్ కొనే హక్కు ఫెడరల్ చట్టం ఇస్తుంది. ఎన్ని జబ్బులున్నా కంపెనీ కాదనకూడదు, జబ్బుల పేరుతో ప్రీమియం పెంచకూడదు. 2020 జనవరి 1కి ముందే మెడికేర్‌కు అర్హత వచ్చినవారికి మెడిగ్యాప్ పాలసీల్లో ఏ, బీ, సీ, ఎఫ్, కే, ఎల్ అనే రకాలు దొరుకుతాయి. ఆ తర్వాత అర్హత వచ్చినవారికి సీ, ఎఫ్ బదులు డీ, జీ ఉంటాయి. గ్రూప్ ప్లాన్ ముగిసిన తేదీ రాసి ఉన్న ఉత్తరమే దీనికి రుజువు, కనుక ఆ కాగితాన్ని పాస్‌పోర్టును దాచినంత భద్రంగా దాచండి. అడ్వాంటేజ్ ప్లాన్‌ను ఏడాది వాడి చూసి వెనక్కి రావచ్చు అని ఎవరైనా అంటే నమ్మి ఊరుకోకండి. ఆ సౌకర్యం 65 ఏళ్లకు మెడికేర్‌లో అడుగు పెడుతూనే అడ్వాంటేజ్ తీసుకున్నవారికి, లేదా మెడిగ్యాప్ వదిలి మొదటిసారి అడ్వాంటేజ్‌లో చేరినవారికి మాత్రమే వర్తిస్తుంది. మాలాగా ఎన్నో ఏళ్లు కంపెనీ గ్రూప్ ప్లాన్‌లో ఉండి వచ్చినవారికి అది వర్తించదు.

ముప్పై ఏళ్లు సేవ చేశాము, జీవితాంతం ఇన్సూరెన్స్ ఇస్తామన్నారు, ఎలా తీసేస్తారు అని చాలామంది అడుగుతారు. బాధగా ఉన్నా నిజం తెలుసుకోవాలి. 1974 నాటి ఎరిసా చట్టం పెన్షన్‌కు ఇచ్చిన రక్షణను రిటైరీ ఆరోగ్య బీమాకు ఇవ్వలేదు. ప్లాన్ పత్రంలో మార్చే హక్కు, రద్దు చేసే హక్కు తమదేనని దాదాపు ప్రతి కంపెనీ రాసుకుంటుంది. ఒప్పందంలో స్పష్టంగా లేనప్పుడు అది జీవితకాల హామీయేనని కోర్టులు ఊహించుకోకూడదని 2015లో సుప్రీం కోర్టు కూడా తేల్చింది. ఐబీఎం 2013లోనే సుమారు 1,10,000 మంది రిటైరీలను ఎక్స్‌ఛేంజ్‌కు మారుస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి మీ కంపెనీ ఎంత పెద్దదైనా, ఇది మీ దాకా రాదని అనుకోవద్దు.

కంపెనీ ఖాతాలో వేస్తామన్న డబ్బు విషయంలో షరతులు చదవండి. చాలా కంపెనీలు తాము చెప్పిన ఎక్స్‌ఛేంజ్ ద్వారానే ప్లాన్ కొంటేనే ఆ డబ్బు ఇస్తాయి. అదే పాలసీని బయటి ఏజెంటు దగ్గర కొంటే డబ్బు పోవచ్చు. వచ్చే ఏడాది ఆ మొత్తం తగ్గవచ్చు కూడా. మీ గ్రూప్ ప్లాన్ ఇంకా కొనసాగుతుంటే దీనికి పూర్తిగా భిన్నమైన ప్రమాదం ఒకటుంది. టీవీలో చూసిన ప్రకటన నమ్మి సొంతంగా ఒక పార్ట్ డీ మందుల ప్లాన్‌లోనో, అడ్వాంటేజ్ ప్లాన్‌లోనో చేరితే, కంపెనీ మిమ్మల్నీ మీ జీవిత భాగస్వామినీ గ్రూప్ ప్లాన్ నుంచి తొలగించవచ్చు, మళ్లీ ఎప్పటికీ చేర్చుకోకపోవచ్చు. చేరే ముందు కంపెనీ బెనిఫిట్స్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

సంక్రాంతికి ఇండియా వెళ్లి, ఎండాకాలం దాకా హైదరాబాదులోనో విశాఖలోనో ఉండే మనవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. భారతదేశంలో జరిగే వైద్యానికి మెడికేర్ డబ్బు ఇవ్వదు. మెడిగ్యాప్‌లో సీ, డీ, ఎఫ్, జీ, ఎం, ఎన్ రకాలు మాత్రం ప్రయాణం మొదలైన తొలి 60 రోజుల్లో వచ్చే అత్యవసర వైద్యానికి, 250 డాలర్ల డిడక్టిబుల్ పోను, 80 శాతం చెల్లిస్తాయి. జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉండి వరుసగా ఆరు నెలలకు మించి ఆ ప్లాన్ ప్రాంతానికి దూరంగా ఉంటే, చాలా ప్లాన్లు మిమ్మల్ని తొలగిస్తాయి. మనవాళ్ల రాకపోకల తీరు తెలియని ఏజెంటు ఈ ప్రశ్న తనంతట తాను అడగడు, మీరే అడగాలి.

భర్తకు 65 దాటి, భార్యకు ఇంకా అరవయ్యో అరవై రెండో ఉన్న ఇళ్లు మనలో ఎక్కువ. గ్రూప్ ప్లాన్ రద్దు ఆమెకూ వర్తిస్తుందేమో మొదట కనుక్కోండి. వర్తిస్తే, కవరేజీ పోయాక 60 రోజుల్లోగా ప్రభుత్వ ఆరోగ్య బీమా మార్కెట్‌ప్లేస్‌లో ఆమెకు విడిగా ప్లాన్ తీసుకోవాలి.

ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ప్రభుత్వ సలహా కేంద్రం ఉంది. అక్కడివారు ఏ ప్లాన్‌నూ అమ్మరు, కమిషన్ తీసుకోరు, సలహా ఉచితం. మెడికేర్ నంబరు 1-800-633-4227కు ఫోన్ చేస్తే మీ రాష్ట్ర కేంద్రం వివరాలు ఇస్తారు, తెలుగు దుబాసీని కూడా అడగవచ్చు. ఎక్స్‌ఛేంజ్ ఏజెంటుతో మాట్లాడే ముందే, గ్రూప్ ప్లాన్ రద్దు ఉత్తరం, మీ మందుల జాబితా, డాక్టర్ల పేర్లు తీసుకుని అక్కడికి వెళ్లండి. 63 రోజుల హక్కు మీకు ఏ తేదీ దాకా ఉందో వాళ్ల చేతే కాగితం మీద రాయించుకోండి.