నీటిమట్టానికి గీత, వానకు పట్టీ
నాగార్జునసాగర్ నీటిమట్టాన్ని, మహబూబ్‌నగర్ వర్షపాతాన్ని ఒకే డ్యాష్‌బోర్డులో చూపేటప్పుడు రెండింటికీ ఒకే రకం చార్టు వాడడం సరికాదు. నీటిమట్టం రెండు రీడింగుల మధ్య కూడా కొనసాగే విలువ కనుక దానికి లైన్ చార్టే తగినది. పైగా పూర్తిస్థాయి మట్టం 590 అడుగులైన ఈ జలాశయానికి నిలువు అక్షాన్ని 500 వద్ద మొదలుపెట్టినా, అంకెలు స్పష్టంగా వేస్తే, గీత తప్పుదోవ పట్టించదు, రెండు మూడు అడుగుల మార్పు కూడా కంటికి ఆనుతుంది. బార్ చార్టులో పట్టీ పొడవే విలువ కాబట్టి అక్షం సున్నా నుంచే మొదలుకావాలి.

రోజువారీ వానకు మాత్రం పట్టీలే మేలు. గీతతో కలిపితే, రెండు వానల నడుమ పొడిగా గడిచిన రోజుల్లోనూ ఏదో కురిసినట్టు భ్రమ కలగవచ్చు. అయితే పట్టీల్లో ఒక లోపం నన్ను నిజంగా కలవరపెడుతుంది: వాన పడని రోజూ, రీడింగు అందని రోజూ ఒకేలా ఖాళీగా కనిపిస్తాయి. అందని రోజును బూడిద రంగుతో వేరుగా గుర్తించాలి. లైన్ చార్టులోనైతే అక్కడ గీతను తెంచితే చాలు.