కాఠ్మండూ నుంచి పోఖరా: 200 కిలోమీటర్లు, పది గంటలు

కాఠ్మండూ నుంచి పోఖరా ఎంత దూరం అని ఎవరినడిగినా 200 కిలోమీటర్లంటారు. అది నిజమే. ఎన్ని గంటలు అంటే మాత్రం టికెట్లు అమ్మేవాళ్లు నిజం చెప్పరు. కాఠ్మండూలో టూరిస్టులు దిగే పేట ఠమేల్‌లో మాకు అమ్మిన ఏజెంటు "ఆరు గంటలే, ఏసీ బస్సు" అని అత్తయ్య ముఖం చూసి మరీ చెప్పాడు. పొద్దున ఏడింటికి ఎక్కితే దిగేసరికి సాయంత్రం అయిదు దాటింది. ఏసీ లేదు. రోజూ ఆ దారిలోనే బస్సులు పంపే మనిషి, తెలియక అన్న మాట కాదది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి ఆరు గంటలు వేరు, పది గంటలు వేరు.

డబ్బు దగ్గరా అదే బుద్ధి. మనిషికి 1,200 అన్నాడు. మావారు మన నోట్లు లెక్కపెట్టి ఇవ్వబోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. అత్తయ్యే "ఏ రూపాయలు నాయనా, మీవా మావా?" అని తన హిందీలో నిలదీసింది. అప్పుడు నసిగి "ఎన్‌సీ" అన్నాడు. అక్కడ మన డబ్బుని ఐసీ అంటారు, వాళ్లదాన్ని ఎన్‌సీ. మన 100కి వాళ్లవి 160. అంటే టికెట్ మన లెక్కలో 750. అత్తయ్య అడగకపోతే ముగ్గురి మీదా 1,350 పోయేది.

ఊరు దాటి నాగ్‌ఢుంగా కనుమ దిగడానికే పొద్దంతా పట్టినట్టుంది, ముందూ వెనకా లారీలే. నౌబిసే తర్వాత త్రిశూలి నది పక్కనే రోడ్డు. చూడ్డానికి చాలా బావుంటుంది గానీ విస్తరణ పనుల దుమ్ముకి కిటికీ తీయలేం, ఉక్కకి మూయలేం. మావారు నోరు మెదపలేదు.

ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది మలేఖు. అక్కడ నది చేపలు వేయించి అమ్ముతారు, పైన కారం చల్లి. ఆయన రెండు ప్లేట్లు తిన్నారు. మాకిద్దరికీ దాల్ భాత్, 350 ఎన్‌సీ. వేడన్నం, పలచటి నల్ల మినప్పప్పు, ఆవాకు కూర, ముల్లంగి పచ్చడి. చాలనేదాకా మారు వడ్డిస్తూనే ఉన్నారు, దానికి వేరే డబ్బుల్లేవు. వడ్డించినమ్మాయి అత్తయ్య కాళ్లు చాపుకోవడానికి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. ఆ పూటకి అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

ముగ్లింగ్ తర్వాత మళ్లీ గుంతలు, మళ్లీ మౌనం. పోఖరాలో బస, సరస్సు, పడవ అన్నీ హాయిగా జరిగాయి.

తిరుగు ప్రయాణం విమానంలో చేశాం. గాలిలో 25 నిమిషాలు. భారతీయులకి టికెట్ ధర వేరుగా ఉంటుంది, మిగతా విదేశీయులకన్నా తక్కువ. అయినా బస్సుకి అయిదు రెట్లయింది. పెద్దవాళ్లుంటే ఆ ఖర్చు పెట్టాల్సిందే. పోఖరా వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు సీటు అడగండి, హిమాలయాలు అటే కనిపిస్తాయి. బస్సే ఎక్కేటట్టయితే పగటిపూట వెళ్లండి, వానాకాలంలో వద్దు. 2024 జులైలో, ముగ్లింగ్ దగ్గర ఈ రోడ్డులో కలిసే నారాయణ్‌గఢ్-ముగ్లింగ్ దారిలో తెల్లవారకముందే కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలిలో కొట్టుకుపోయాయి. టికెట్ కొనేముందు ఏజెంటుని కాదు, ఆ రోజు పోఖరా నుంచి వచ్చిన డ్రైవర్‌ని అడగండి, ఎన్నింటికి బయల్దేరాడో.