దుమ్ము చేరని గాజు పెట్టెల కోసం విజయనగరం, బొబ్బిలి, పొందూరు

శ్రీకాకుళంలో రోడ్డు పక్క ఇంట్లో స్కేల్ మోడల్స్‌ని (అసలు విమానాల్నీ ఓడల్నీ కొలత ప్రకారం చిన్నవి చేసిన బొమ్మల్ని) శుభ్రంగా ఉంచుకోవడం పెద్ద పని. వేసవి గాలికి లేచే మట్టి, బట్టల నుంచి రాలే నూగు, వంటింట్లోంచి వచ్చే పోపు ఆవిరి, మూడూ కలిసి విమానం రెక్కల మీద జిగటగా కూర్చుంటాయి. పొడి దుమ్మయితే మెత్తటి బ్రష్‌కి వచ్చేస్తుంది. నూనె ఆవిరి తగిలిన దుమ్ము అంత తేలిగ్గా రాదు. గట్టిగా తుడిస్తే ముక్కు దగ్గరి సన్న గొట్టం విరుగుతుంది, డికాల్ (మోడల్ మీద అంటించే గుర్తుల స్టికర్) అంచు లేస్తుంది. నెలల తరబడి కూర్చుని రంగులు వేసుకున్న మోడల్ కళ్లముందే అలా పాడవుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే, మోడల్ పెట్టుకునే రెడీమేడ్ కేసులు చాలాసార్లు లోపల పెట్టే మోడల్ కిట్ కంటే ఖరీదు. అందుకని మన రెండు జిల్లాల్లో ఈ పని ఎవరు చేసిపెడతారో, ఎంతలో అవుతుందో చూద్దామని బయల్దేరాను. ముందు విజయనగరం, అక్కడి నుంచి బొబ్బిలి, తిరుగు దారిలో రాజాం, పొందూరు. జేబులో కొలతల కాగితం ఉంది. 1:72 స్కేల్ (అసలుదానిలో 72వ వంతు) మిగ్-21 యుద్ధ విమానం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, వెడల్పు 10. 1:350లో జలాంతర్గామి 26 సెంటీమీటర్లు. ఇది విశాఖ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా లాంటిదే.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర దిగి అడుక్కుంటూ నడిస్తే అద్దాల షాపులు, అల్యూమినియం పనివాళ్లు, నేమ్‌బోర్డులు చేసేవాళ్లు అందరూ తగులుతారు. ముందు అల్యూమినియం షోకేస్ అడిగాను. చూపించిన నమూనా నిగనిగలాడుతోంది, కానీ ముందు రెండు స్లైడింగ్ అద్దాలు. ఒకదాని వెనక ఒకటి జరగాలంటే మధ్యలో సందు వదలక తప్పదు. ఆ సందు పైనుంచి కిందివరకు ఉంటుంది, దుమ్ముకి అదే రాజమార్గం. అక్కడ బ్రష్ బీడింగ్ (సందు మూసే కుచ్చు పట్టీ) వేయమంటే వేస్తారు, దానికి వేరే లెక్క. ఇంకోటి బరువు. 4 మిల్లీమీటర్ల అద్దం చదరపు అడుగుకి దాదాపు కిలో తూగుతుంది. నాలుగు అరల షోకేస్‌కి అద్దమే ఎంతవుతుందో లెక్కేసుకుంటే, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి నేను చెప్పను.

నేమ్‌బోర్డుల షాపులో యాక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షీట్‌ని లేజర్ మెషీన్ మీద కోస్తారు. కోత చాలా నీటుగా వస్తుంది, బరువు అద్దంలో సగమే. చిన్నపిల్లలున్న ఇంటికి ఇదే మంచిది, పగిలి గుచ్చుకునే భయం తక్కువ. అయితే పొడిగుడ్డతో రుద్దితే యాక్రిలిక్‌కి స్టాటిక్ పుట్టి గాలిలోని దుమ్మునంతా తన మీదికే లాక్కుంటుంది, పైగా గీతలు పడతాయి. తడిపి పిండిన మెత్తటి నూలుగుడ్డతోనే తుడవాలి. అద్దాలు తుడిచే అమ్మోనియా లిక్విడ్ గానీ స్పిరిట్ గానీ తగలనివ్వకూడదు, సన్నటి పగుళ్లు వచ్చి మసకబారుతుంది. ధర అద్దానికి రెట్టింపు చెప్పారు.

డబ్బులు ఆదా కావాలంటే మాత్రం పాత సామాన్ల షాపుకే నా ఓటు. మూసేసిన ఫ్యాన్సీ షాపుల కౌంటర్లు, మందుల షాపుల అద్దాల బీరువాలు అక్కడికే చేరతాయి. చెక్క గట్టిది, అద్దం మందం. తలుపులు కబ్జాల మీద తెరుచుకునే బీరువా దొరికితే వదలకండి. తలుపు మూసినప్పుడు చెక్క చెక్కకి ఆనుతుంది కాబట్టి, ఆ అంచు పొడవునా స్పాంజ్ టేప్ అంటిస్తే సందు పూర్తిగా పోతుంది. ఈ పని స్లైడింగ్ దానికి కుదరదు. షాపాయన బేరానికి ఒప్పుకున్నాడు కానీ రవాణా మన బాధ్యతే అన్నాడు.

బస గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలు, స్టేషన్ వైపు లాడ్జిలు రెండూ చూశాను, అద్దెల్లో పెద్ద తేడా లేదు. మర్నాడు బొబ్బిలి రైలు ఎక్కాలంటే స్టేషన్ వైపే హాయి. అద్దం సామాను పట్టుకుని తిరిగేవాళ్లు లిఫ్ట్ ఉందా అని ముందే అడగాలి. బొబ్బిలిలో రాత్రి ఉండాల్సిన అవసరం లేదు, పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి పని తెమిలిపోతుంది.

రాయగడ వైపు పాసింజరులో బొబ్బిలి చేరి, అక్కడి నుంచి గొల్లపల్లికి ఆటో. వీణల ఊరు అది. పనస మొద్దుని తొలిచి ఒకే చెక్కతో ఏకాండి వీణ చేయడం అక్కడి తరాల విద్య. నేను వెళ్లింది మాత్రం చిన్న వీణల కోసం. సన్మానాల్లో జ్ఞాపికలుగా ఇచ్చే బుల్లి వీణలకి వాళ్లు గాజు పెట్టె కూడా అమరుస్తారు, నాక్కావలసింది ఆ పెట్టె.

అక్కడ ఒక పెద్దాయన పెట్టెని తిరగేసి చూపించి, "బాబూ, అద్దం చెక్క మీద నిలబడకూడదు, చెక్కలోకి దిగాలి" అన్నారు. అడుగు పలకలో చుట్టూ సన్నటి గాడి తీసి, గాజు మూతని అందులోకి దించుతారు. గాడిలో మఖ్మల్ గుడ్డ పట్టీ వేస్తారు. లోపలికి రావాలంటే దుమ్ము కిందికి దిగి, మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కాలి. విజయనగరంలో నేను చూసిన ఏ షోకేస్‌లోనూ ఇంత ఆలోచన లేదు. వీణకోసం నేర్చిన పనే నా మిగ్‌కి సరిగ్గా అతికింది.

కొలత ఇచ్చి చేయించుకున్నాను. మిగ్‌కి అడుగు పలక 10 అంగుళాలు, 6 అంగుళాలు. గాజు మూత ఎత్తు 5 అంగుళాలు. అద్దం అంతా కలిపి ఒకటిన్నర చదరపు అడుగే. అందుకే అద్దం ఖరీదు పెద్దది కాదు, డబ్బంతా చెక్క పనికే. అయినా ఆన్‌లైన్ కేసు ధరలో సగానికి లోపే అయింది. పలక బాగా ఆరిన చెక్కతో చేయమని, పాలిష్ ఆరాకే ఇవ్వమని ప్రత్యేకంగా చెప్పాను. పచ్చి చెక్క, కొత్త ప్లైవుడ్ మూసిన పెట్టెలో ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి, సీసం కలిసిన లోహపు బొమ్మలైతే వాటికి తెల్లటి బూజులాంటి పొడి పడుతుంది. అద్దాలు అంటించే సిలికాన్ కూడా అంతే. వెనిగర్ వాసన పూర్తిగా పోయేవరకు మోడల్ లోపల పెట్టకూడదు.

తిరుగు ప్రయాణం బస్సులో, రాజాం మీదుగా చిలకపాలెం దారిలో. పెట్టెల్ని ఒళ్లోనే పెట్టుకున్నాను. మరో రెండు పెట్టెలు పార్సిల్‌లో వేస్తే ఒకటి మూల పగిలి వచ్చింది. నిలబెట్టి పంపమని రాసినా పడుకోబెట్టి మీద బరువులు పెట్టారు. అద్దం అంచు మీద నిలబడితే చాలా బరువు ఓర్చుకుంటుంది, పడుకోబెడితే కుదుపుకే పోతుంది. ఖర్చైనా దగ్గర పెట్టుకుని తెచ్చుకోవడమే నయం.

పొందూరులో దిగడానికి కారణం ఖద్దరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్న నూలు వడికి నేసే గుడ్డ అది. చొక్కా గుడ్డ కొనాలంటే ఖరీదే, నేను అడిగింది కట్ పీసు.

పెట్టె ఎంత బిగించినా ఊపిరి తీస్తుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న గది మధ్యాహ్నానికి 37కి చేరితే లోపలి గాలి సుమారు 4 శాతం ఉబ్బి బయటికి పోతుంది, రాత్రి మళ్లీ లోపలికి వస్తుంది. ఆ గాలితోనే, ఎక్కడ సందుంటే అక్కడి నుంచి దుమ్మూ వస్తుంది. కనక సందులన్నీ మూసి, గాలికి మనమే ఒక దారి ఇవ్వాలి. అడుగు పలకకి కింద చిన్న రంధ్రం వేయించి, పొందూరు గుడ్డని రెండు మడతలు పెట్టి అంటించాను. గుడ్డ నేత దగ్గరగా ఉంది కాబట్టి గాలి ఆడుతుంది, మట్టి ఆగుతుంది. పాత పొందూరు పంచె ఇంట్లో ఉన్నవాళ్లు కొనక్కర్లేదు కూడా. పలక కింద నాలుగు రబ్బరు బుడిపెలు పెట్టాలి, లేకపోతే రంధ్రం మూసుకుపోతుంది.

మన తీరపు తేమకి సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేయాలి. ఎల్ఈడీ పట్టీ పెట్టాలనుకుంటే పెట్టె బయట పెట్టండి, లోపల పెడితే ఆ వేడికి ఊపిరి ఇంకా ఎక్కువవుతుంది. నేరుగా ఎండ పడే గోడ అసలు వద్దు, రంగులు వెలిసిపోతాయి.

అన్ని మోడల్స్‌నీ ఒకేసారి బయట పెట్టాలన్న పట్టింపు కూడా నేను వదిలేశాను. మన ఇళ్లలో సంక్రాంతి కొలువు బొమ్మల్ని మిగతా ఏడాదంతా పాత నూలుగుడ్డల్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాచడం లేదా? నాలుగైదు పెట్టెలు చాలు, వాటిలో మోడల్స్‌ని మారుస్తూ ఉంటే ఖర్చు అక్కడితో ఆగుతుంది. దాచేవాటికి బబుల్ షీట్ నేరుగా చుట్టొద్దు, మన వేడికి ఆ బుడగల అచ్చు రంగు మీద పడుతుంది.

పెద్ద మోడల్స్‌కి మాత్రం ఈ పెట్టెలు సరిపోవు. విశాఖ బీచ్‌లోని టీయూ-142 విమానం రెక్కల వెడల్పు 50 మీటర్లు, 1:72లో చేసినా 70 సెంటీమీటర్లు. దానికి విజయనగరం పాత కౌంటరే గతి. ఆటో ట్రాలీ మాట్లాడుకుని, అద్దాలు విప్పించి విడిగా తెచ్చుకోవాలి.

ఒక్కరోజే వీలున్నవాళ్లు విజయనగరం వదిలేసి, శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా నేరుగా బొబ్బిలి వెళ్లండి. మోడల్‌ని బస్సులో మోసుకెళ్లొద్దు. దాని నీడంత అట్టముక్క కత్తిరించి, ఎత్తు దాని మీద రాసి, నాలుగు వైపులా అంగుళం వదలమని చెప్తే చాలు. గాడి లోతు కనీసం అర అంగుళం ఉండాలని మాత్రం ముందే అడగండి.