కెనెడీ, లిండన్ జాన్సన్: ఇద్దరిలో ఎవరు మేలు?

2021లో సి-స్పాన్ టీవీ చరిత్రకారుల చేత అమెరికా అధ్యక్షులకు మార్కులు వేయించింది. అందులో జాన్ కెనెడీకి 8వ స్థానం, లిండన్ జాన్సన్‌కు 11వ స్థానం వచ్చాయి. ఆ లెక్కలో పది అంశాలుంటాయి, అన్నిటికీ ఒకే వెయిటేజీ. అలా సగటు తీస్తే జాన్సన్ ఎవరికీ అర్థం కాడు: చట్టాల్లో కొండంత మంచి, యుద్ధంలో కొండంత చెడు, రెండూ కలిపితే ఓ మోస్తరు మార్కు. ఆ రెండు పద్దులూ విడదీసి చూడాల్సిందే.

ముందు చట్టాల సంగతి. నల్లజాతివాళ్లపై వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లును 1963 జూన్‌లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు పంపింది కెనెడీయే. నవంబరు 22న అతను హత్యకు గురయ్యేనాటికి ఆ బిల్లు దిగువసభ రూల్స్ కమిటీలో ఇరుక్కుని ఉంది. కమిటీ ఛైర్మన్, వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్, దాన్ని కదలనివ్వలేదు. కమిటీని దాటించి బిల్లును నేరుగా సభకు రప్పించాలంటే 218 మంది సభ్యుల సంతకాలతో పిటిషన్ కావాలి. ఉపాధ్యక్షుడిగా ఉండి కెనెడీ తర్వాత అధ్యక్షుడైన జాన్సన్, ఫోన్ పట్టుకుని ఆ సంతకాల కోసం ఒత్తిడి పెట్టాడు. పిటిషన్ బెదిరింపుకే స్మిత్ దిగివచ్చాడు. 1964 ఫిబ్రవరి 10న దిగువసభలో 290-130తో బిల్లు గట్టెక్కింది.

అసలు గండం సెనేట్‌లో. అక్కడ బిల్లును ఆపేందుకు చేసే సాగదీత ప్రసంగాలకు తెర దించాలంటే అప్పట్లో 67 ఓట్లు కావాలి. దక్షిణాది డెమొక్రాట్లే అడ్డం తిరిగారు కాబట్టి సొంత పార్టీ బలం చాలదు, రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్ కలిసిరావాలి. ఘనత డర్క్‌సన్‌కు దక్కినా సరే, బిల్లు నెగ్గితే చాలన్నది జాన్సన్ ఎత్తుగడ. జూన్ 10న ఓటింగుకు కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మెదడులో కణితి వల్ల మాట పడిపోయింది. పేరు పిలిచినప్పుడు ‘ఐ’ (aye, అంటే అవును) అని పలకలేక, ఇంగ్లిష్‌లో అదే పలుకున్న కన్ను (eye) వేలితో చూపించాడు. దాన్ని అనుకూల ఓటుగా రాసుకున్నారు. 71-29తో గండం గడిచింది, జూలై 2న సంతకమైంది. కెనెడీ బతికున్నా ఇది జరిగేదని వాదించేవాళ్లున్నారు. జరిగేదేమో గానీ, అదే ఏడాది, అంత పదునుతో జరిగేదంటే నమ్మడం కష్టం.

మరుసటి ఏడాది మెడికేర్ (వృద్ధులకు ఆరోగ్య బీమా), ఓటుహక్కు చట్టం, వలస చట్టం వరసగా వచ్చాయి. మన తెలుగువాళ్లు పట్టించుకోవాల్సింది మూడోదాన్ని. 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి దక్కే వలస కోటా 100. పుట్టిన దేశాన్ని బట్టి కోటా ఇచ్చే ఆ పద్ధతిని ఎత్తేయాలని 1963 జూలైలో కెనెడీ ప్రతిపాదించాడు. జాన్సన్ 1965 అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం పెట్టాడు. తూర్పు గోళార్ధంలో ఒక్కో దేశానికి 20,000 దాకా పరిమితి, వృత్తినిపుణులకు విడిగా ఒక కేటగిరీ పెట్టారు. 1968 జూలై నుంచి పూర్తిగా అమలైంది. ఇంజినీర్లు, డాక్టర్లు వెళ్లి స్థిరపడింది ఆ దారినే. ఆలోచన కెనెడీది, పని జాన్సన్‌ది.

యుద్ధం దగ్గరికి వస్తే తక్కెడ కెనెడీ వైపు మొగ్గుతుంది. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడినప్పుడు సలహాదారుల్లో చాలామంది మొదట వైమానిక దాడే అన్నారు. కెనెడీ నౌకా దిగ్బంధానికి మొగ్గి, టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను తీసేస్తామని రహస్యంగా మాట ఇచ్చి బేరం కుదుర్చుకున్నాడు. ద్వీపంలో సోవియట్ సైనికులు 40 వేలకు పైగా ఉన్నారనీ, యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలూ ఉన్నాయనీ అప్పుడు వాషింగ్టన్‌కు తెలియదు. దాడికి దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం. 1961 ఏప్రిల్‌లో క్యూబాపై బే ఆఫ్ పిగ్స్ దాడిలో నిపుణుల మాట నమ్మి దెబ్బతిన్నవాడు, ఈసారి వాళ్లను ప్రశ్నించాడు.

వియత్నాం విషయంలో కెనెడీ చేతులూ శుభ్రంగా లేవు. వెయ్యిలోపున్న సైనిక సలహాదారులను 16 వేలకు పెంచింది అతనే. అయితే జాన్సన్ హయాంలో అది 5 లక్షలు దాటింది. తెలియక దిగాడనడానికి వీల్లేదు. 1964 మే 27న జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో ఫోన్‌లో, ఇది పోరాడదగ్గ యుద్ధం కాదనీ, అయినా బయటపడే దారి కనబడడం లేదనీ జాన్సన్ అన్న మాటలు టేపులో ఉన్నాయి. ఆగస్టులో, వియత్నాంలో సైన్యాన్ని దించే అధికారం తనకిచ్చే టోంకిన్ తీర్మానాన్ని దిగువసభలో 416-0తో, సెనేట్‌లో 88-2తో నెగ్గించుకున్నాడు. ఓట్లు లెక్కపెట్టి కూడగట్టే ఆ నేర్పే ఇక్కడ పదివేల మైళ్ల అవతలి చావులకు దారి వేసింది.

భారత్‌తో వ్యవహారంలోనూ అదే తేడా. 1962 చైనా యుద్ధంలో కెనెడీ ఆయుధాలు పంపాడు. 1965-66 కరువులో జాన్సన్ గోధుమలు పంపాడు గానీ, నెలనెలా గుప్పెడు గుప్పెడు విడుదల చేస్తూ ఢిల్లీని గుమ్మం దగ్గరే నిలబెట్టాడు. చట్టసభతో పని చేయించుకోవాల్సిన కాలానికి జాన్సనే మేలు. అణ్వాయుధాల మీట చేతిలో ఉన్న రాత్రికి మాత్రం కెనెడీయే కావాలి.