విజయవాడ వన్‌టౌన్‌లో కొన్న నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, ఏడాది వాడాక

మా ఆడపడుచు వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. రెండు నెలలకోసారి విజయవాడ నుంచి కార్లో వెళ్తాం, 270 కిలోమీటర్ల పైమాటే. ఇదివరకు సూర్యాపేట దగ్గర హోటల్లో ఆగేవాళ్లం. నలుగురికి టిఫిన్లు, టీలు, నీళ్ల సీసాలు, కౌంటర్ దగ్గర పిల్లలు పట్టుబట్టే చిప్స్ ప్యాకెట్లు అన్నీ కలిపి ఎనిమిది వందలకు తగ్గేది కాదు, తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే. ఖర్చులు పుస్తకంలో రాసుకునే అలవాటు నాది, ఆ పేజీ చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

పోయిన సంక్రాంతికి ముందు వన్‌టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్లో ఈ క్యారేజీ తీసుకున్నాను, 850 రూపాయలు. రేకు మందంగా ఉంది, గట్టిగా నొక్కినా సొట్ట పడదు. వేడి నిలిచే హాట్‌ప్యాక్ రకం కూడా చూపించారు కానీ దాదాపు రెట్టింపు ధర. వద్దనుకోవడమే మంచిదైంది, ఎందుకంటే దారికి మనం కట్టుకునేవన్నీ చల్లారాక తినేవే. పులిహోర వేడిమీద మూత పెట్టామంటే ఆవిరి నీరై మెతుకులు ముద్దయిపోతాయి, త్వరగా పాడవుతుంది కూడా. తెల్లవారుజామున నాలుగింటికే అన్నం వండి, పెద్ద పళ్లెంలో ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, పూర్తిగా చల్లారాకే చింతపండు గుజ్జు కలుపుతాను.

అడుగు గిన్నెలో పులిహోర, దాని మీద దద్దోజనం. దద్దోజనానికి కాచి చల్లార్చిన పాలే ఎక్కువ పోసి ఒక్క చెంచా పెరుగు కలిపితే చాలు, దారిలో అదే తోడుకుంటుంది, మధ్యాహ్నం తినేసరికి పుల్లబడకుండా కమ్మగా ఉంటుంది. మూడోదాంట్లో చపాతీలు, బంగాళాదుంప వేపుడు. పై గిన్నెలో గోంగూర పచ్చడి. ఎండాకాలం కొబ్బరి పచ్చడి మాత్రం పెట్టుకోకండి, కందిపొడి నయం. నీళ్లు ఇంటి నుంచే ఐదు లీటర్ల క్యాన్‌లో. కోదాడ దాటాక ఏదైనా పెట్రోల్ బంకులో ఆపుకుంటే బాత్రూం ఉంటుంది, చేతులు కడుక్కోవచ్చు. హైవే అంచున మాత్రం ఆపొద్దు, పిల్లలతో చాలా ప్రమాదం. టీ ఒక్కటే బయట తాగుతాం.

సరుకులకి రెండు వందలు దాటదు, మొదటి రెండు ట్రిప్పుల్లోనే క్యారేజీ డబ్బులు వచ్చేశాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఖర్చు కూడా లేదు, మా వదిన క్యారేజీ ఖాళీగా పంపదు. పోయినసారి సకినాలు, నిమ్మకాయ పులిహోర పెట్టి ఇచ్చింది.

ఇక లోపం. ఆరు నెలలకే పక్క క్లిప్పు వదులైంది. ఓ స్పీడ్ బ్రేకర్ దగ్గర క్యారేజీ ఒరిగి పచ్చడి నూనె సీటు కవరంతా పాకింది, ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు. కొట్టుకు తీసుకెళ్తే నెల దాటింది, మార్చం అన్నారు. అంత డబ్బు తీసుకుని క్లిప్పు కూడా బిగించి ఇవ్వకపోతే ఎలా? చాలా బాధేసింది. చివరికి మా ఆయన కటింగ్ ప్లేయర్‌తో వంచి బిగించారు, ఇప్పుడు బానే ఉంది. అడుగు వెడల్పు తక్కువ కాబట్టి సీటు మీద కాకుండా కింద కాళ్ల దగ్గర తువ్వాలు చుట్టి పెడుతున్నాం.

గిన్నెలకి ఐదుకి ఐదు, క్లిప్పుకి రెండే. మీరు కొనేటప్పుడు పై గిన్నెలో నీళ్లు పోయించి, క్లిప్పులు పెట్టి, కొట్లోనే ఓ పక్కకి వంచి చూసుకోండి. కారితే ఇంకొకటి తీయమనండి.